ఎక్కువై మిగిలినదాన్ని

నేనొక రాతి స్తంభాన్ని. పుట్టింది ఇంగ్లండులో, నిలబడింది బొంబాయి బైకుల్లాలోని క్రైస్ట్ చర్చిలో. నన్ను ఓడెక్కించింది మాత్రం ఈ చర్చి కోసం కాదు, ఫోర్టులో కడుతున్న టౌన్ హాలు కోసం.

ఆ టౌన్ హాలు కట్టడం ఒక పట్టాన తెమల్లేదు. లిటరరీ సొసైటీ పెట్టిన జేమ్స్ మెకింటాష్ 1811లో ఆ ఊసెత్తాడు. డబ్బుకోసం లాటరీలు వేశారు. ఊరి జనం అదృష్టం మీద పునాదులు లేస్తాయా? చాల్లేదు. చివరికి కంపెనీ సర్కారే చెయ్యి వేస్తే 1833కి పూర్తయింది. నమూనా గీసింది కల్నల్ థామస్ కౌపర్, గ్రీకు గుడి పోలికలో.

మేం రేవులో దిగాక తెలిసింది, అనుకున్నదానికంటే మేం చాలా లావని. చుట్టూ తాడు వేసి కొలిచినవాడు రెండోసారీ కొలిచాడు. తాడు అబద్ధం చెప్పలేదు. అన్నిటినీ నిలబెడితే వరండాలో మనిషి నడవడానికి చోటుండదని లెక్క తగ్గించారు. ఎనిమిది అక్కడ నిలిచాయి. మిగిలినవాళ్ళం బైకుల్లాకి వచ్చాం. పెళ్ళివారు వద్దన్న పిల్లని పక్కూరి సంబంధానికి ఇచ్చినట్టు.

బాధేమీ లేదు. చర్చికి కాస్త దూరంలోనే కామాటిపురా. నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకి వలస వచ్చిన తెలుగు కామాటీల పేట అది. ఇవాళ ఆ పేరు చెబితే జనం నవ్వే నవ్వు వేరు. రాళ్ళు మోసినవాళ్ళ పేరది అని ఎవరికి గుర్తు?

నా తోడబుట్టినవాళ్ళ దశ తిరిగింది. సభలూ విందులూ అనుకున్న భవనం పుస్తకాల ఇల్లయింది. మెకింటాష్ పెట్టిన ఆ లిటరరీ సొసైటీయే నేటి ఏషియాటిక్ సొసైటీ, దాని ఇల్లే ఈ భవనం. లక్షకు పైగా పుస్తకాలు, గవర్నర్ ఎల్ఫిన్‌స్టన్ ఇచ్చిన డాంటే కావ్యపు రాతప్రతి అందులోనే ఉన్నాయి. నిజానికి మావాళ్ళు మోసేది పుస్తకాల్ని కాదు, వరండా కప్పుని. ఆ మాట వాళ్ళ దగ్గర అనకండి.

ఎప్పుడైనా ఆ ముప్ఫై మెట్లెక్కితే ముందు వరుసలో స్తంభాలు లెక్కపెట్టండి. మిగతా లెక్క కావాలంటే బైకుల్లా రండి.