కారుకు పదేళ్లు, బాకీకి నిండు నూరేళ్లు

పదేళ్లు దాటిన డీజిల్ కారు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కారు ఢిల్లీ రోడ్లెక్కకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు ఔనంది. 2025 జూలై 1 నుంచి ముసలి బండ్లకు బంకుల్లో చుక్క పోయొద్దన్నారు. జనం గగ్గోలు పెట్టేసరికి వారం తిరక్కుండానే వెనక్కి తగ్గారనుకోండి, అది వేరే కథ. మొత్తానికి వయసు విషయంలో రాజధానికి పట్టింపు ఎక్కువ.

వయసు అడగకుండా వదిలేసింది పాత బాకీని ఒక్కదాన్నే. కారు ఎప్పుడో తుక్కు కిందకు పోయి ఉంటుంది. దాన్ని కొన్న లోను మాత్రం నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఒక కాల్ సెంటర్ ఎక్సెల్ షీటులో నవనవలాడుతూ ఉంటుంది.

మయూర్ విహార్‌లో మా పక్క ఫ్లాటాయన రిటైరైన కేంద్ర ప్రభుత్వోద్యోగి. 2006లో నెహ్రూ ప్లేస్ మెట్ల దగ్గర టై కట్టుకున్న కుర్రాడొకడు ఆపి, "లైఫ్‌టైమ్ ఫ్రీ సర్" అంటూ ఆయనకో క్రెడిట్ కార్డు అంటగట్టాడు. ఫ్రీ అన్నదానికి ఏడాది తిరిగేసరికి రుసుం పడింది. ఈయన గొడవపడ్డారు, వాళ్లు వినలేదు, 2008లో కార్డు కత్తిరించి పారేశారు. అప్పటికి బాకీ పదకొండు వేలని బ్యాంకు లెక్క. మొన్న ఫోన్ వచ్చేటప్పటికి అది రెండు లక్షల చిల్లర.

"సర్ జీ, పటియాలా హౌస్ కోర్ట్ సే బోల్ రహా హూఁ."

కోర్టు ఫోన్ చేయడమేమిటని ఈయన తెల్లబోయారు. వెనకాల ఇంకొకడు తీస్ హజారీ నుంచి, వాడి పక్కవాడు సాకేత్ నుంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందట. ఢిల్లీ జిల్లా కోర్టులన్నీ ఒకే హాల్లో కుర్చీలేసుకుని కూర్చున్నాయన్నమాట.

పేరు చూసి తెలుగువాడని పసిగట్టారేమో, మర్నాడు తెలుగమ్మాయి లైన్లోకి వచ్చింది.

"అంకుల్, మీరు పెద్దవారు, పరువు గలవారు. సాయంత్రం ఐదు లోపు నలభై వేలు కట్టేస్తే ఫైలు క్లోజ్ చేయించేస్తానండీ."

"కట్టకపోతేనో అమ్మా?"

"మీ అబ్బాయిగారి ఆఫీసు నంబరు కూడా మా దగ్గరుందండీ. మీ సిబిల్ స్కోరు కూడా పోతుంది."

డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషికి సిబిల్ పోతే ఏమిటో, ఉంటే ఏమిటో! నాలుగింటికి నలభై కాస్తా పాతికైంది. నాలుగున్నరకి పన్నెండు. ఐదు దాటాక కూడా ఫోన్ ఎత్తి ఉంటే ఎదురిచ్చి పంపేవారే.

పదకొండు వేలు అంతెలా అయ్యాయంటారా? కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ గుంజడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంది. ఆ పరిమితిని 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. రేట్ల సంగతి రిజర్వు బ్యాంకు చూసుకోవాలట. అది చూస్తూనే ఉంది.

అప్పిచ్చిన బ్యాంకుకైనా ఈ పదకొండు వేలు గుర్తున్నాయా అంటే అనుమానమే. ఇలాంటి ఖాతాల్ని ఎప్పుడో రైటాఫ్ చేసి, మూటగట్టి, వచ్చినంతకు ఎవరికో అమ్మేస్తారు. 2014-15 నుంచి పదేళ్లలో బ్యాంకులు రైటాఫ్ చేసిన సొమ్ము 16.35 లక్షల కోట్లని 2025 మార్చిలో ప్రభుత్వమే లోక్‌సభకు చెప్పింది. రైటాఫ్ అంటే మాఫీ కాదు, వసూలు ప్రయత్నాలు సాగుతూనే ఉంటాయని కూడా చెప్పింది. నిజమే. మా పక్కింటాయన దగ్గర చాలా శ్రద్ధగా సాగుతున్నాయి.

నిజానికి బాకీకీ ఓ వయసుందనే చట్టం మన ఊళ్ల షావుకారుకు కంఠతా. ప్రోనోటుకు మూడేళ్లు నిండబోతున్నాయంటే ఇంటికొచ్చి, "ఓ పది రూపాయలు చెల్లు వేయించరా అబ్బాయ్" అని నోటు వెనక సంతకం పెట్టించుకుని పోయేవాడు. పది రూపాయలకు కక్కుర్తిపడి కాదు, నోటుకు ఇంకో మూడేళ్ల ఆయుష్షు కోసం. 1963 నాటి కాలపరిమితి చట్టం చెప్పేదీ అదే. గడువులోగా చెల్లు పడినా, బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా మళ్లీ మూడేళ్లు. లేకపోతే కాలదోషం. ప్రతివాది నోరెత్తకపోయినా ఆ దావాను కోర్టు కొట్టేయాల్సిందే. తనఖా పెట్టిన ఇంటి సంగతి వేరు గానీ, కార్డు బాకీకి మూడేళ్లే.

మెలిక ఏమిటంటే, కాలదోషంతో కోర్టు తలుపు మూసుకుంటుందే గానీ అప్పు చావదు. సుప్రీంకోర్టు ఏనాడో ఈ మాట చెప్పింది. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ఒక కిటికీ తెరిచి ఉంచింది. కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందమే. తెలుగమ్మాయి పంపిన 'సెటిల్‌మెంట్ లెటర్' కింద సంతకానికి ఖాళీ గీత ఉన్నది అందుకే. మా పక్కాయన దాన్ని ప్రింటు తీయించి, కళ్లజోడు వెతుక్కుని కలం తీసేలోపే వాళ్లావిడ కాగితం లాక్కున్నారు. ఆవిడ చట్టాలేమీ చదవలేదు. తెనాలి దగ్గర షావుకారు కూతురు, అంతే.

ఇక కొడుకు మాట. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమనే పాత హిందూ న్యాయం ఆధారంగా కొడుకు మీదికి వెళ్లడం, 2005 సెప్టెంబర్ 9 తర్వాత చేసిన అప్పులకు చెల్లదు. హిందూ వారసత్వ సవరణ చట్టం ఆ తలుపు మూసేసింది. తండ్రి పోయాక వారసులకు ఆస్తి వస్తే, ఆ మేరకే బాధ్యత.

నవ్వడానికి వీల్లేని కథలూ ఈ ఊళ్లో ఉన్నాయి. బైకు లోను కోసం వచ్చిన ఏజెంట్ల వేధింపు తర్వాత ఢిల్లీలో ఒక యువకుడు ప్రాణం తీసుకున్నాడు. వసూలుకు చట్టబద్ధమైన దారి తప్ప దౌర్జన్యం కుదరదని 2008లో ఆ కేసులోనే సుప్రీంకోర్టు బ్యాంకులకు గుర్తుచేసింది. ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత బాకీదారులకు ఫోన్ చేయొద్దని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అందుకే మా పక్కాయనకు ఎనిమిదీ ఒకటికి మోగుతుంది.

మీకూ మోగితే ఫోన్లో ఔననీ కాదనీ అనకండి. బాకీ ఎప్పటిది, ఎవరు ఎవరికి అమ్మారు, మీరెవరు, అన్నీ కాగితం మీద పంపమనండి. నిజంగా ఇవ్వాల్సిందే అనిపిస్తే, స్తోమత ఉంటే, బ్యాంకుకో, బాకీని కొన్న సంస్థకో నేరుగా కట్టి నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. ఏజెంటు యూపీఐకి మాత్రం పంపకండి. బెదిరిస్తే రికార్డు చేసి ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. నెలలోపు జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి పైసా ఖర్చు లేదు, వకీలూ అక్కర్లేదు.