అల్లుడి ఏఐ, మామ హార్డ్ డిస్క్

(హైదరాబాద్ కొలువుకు పోయిన ప్రతివాడూ పండక్కి ఏఐని వెంటబెట్టుకొస్తున్న రోజులు. నేరేడుచర్లలో ఓ పాత డీటీపీ సెంటర్. అటక మీది విండోస్ 98 డబ్బా కిందికి దిగింది.)

అల్లుడు: మామా, అమ్మానాన్నల పాతికేళ్ల పెళ్లిరోజుకు రీల్ చేస్తున్న. 2001ల వాళ్ల శుభలేఖ నువ్వే కొట్టినవంట గదా. ఫైల్ ఇయ్యి, మిగతాది ఏఐ చూసుకుంటది.

మామ: చూసుకోనీ. ముందు డిస్క్‌కు కరెంటు ఇయ్యమను. మామూలు యూఎస్‌బీల వచ్చేది 5 వోల్టులు. దీనికి 12 కూడ కావాలె.

అల్లుడు: అడాప్టర్ ఉంటది గదా!

మామ: ఉంటది. పిన్ను వంగితే ఎక్కది. వంగిన పిన్ను ఏఐ సాపు చేస్తదా?

అల్లుడు: (ఫోన్ చూసి) జంపర్ మాస్టర్‌ల పెట్టమంటుంది.

మామ: చిమటా అందుకొమ్మను మరి.

అల్లుడు: టక్ టక్ అని చప్పుడైతే ఫ్రిజ్‌ల పెట్టాల్నంట.

మామ: మీ అత్త నిన్ను గూడ అండ్లనే పెడ్తది. టక్ టక్ అంటే హెడ్డుకు మూడినట్టు, వెంటనే కరెంటు తీసెయ్యాలె. తడి తగిలితే ఉన్నది కూడ పోతది. ముందు డిస్క్ మొత్తానికి నకలు తియ్యాలె, ప్రయోగాలన్నీ ఆ నకలు మీదనే చెయ్యాలె. అసలును ముట్టుకునుడు పాపం. అందరికీ తొందరే, రెండోచోట దాచుకునే బుద్ధి ఒక్కనికి లేదు...

అల్లుడు: మామా, రీల్ ముప్పై సెకన్లే. అగో, తెరుచుకుంది! ఇదేంది, అంతా పిచ్చిగీతలు?

మామ: అను ఫాంట్ లేకుంటే గట్లనే ఉంటది. ఇంగ్లీషు అక్షరాల గదులల్ల తెలుగు ముక్కలు అద్దెకు పెట్టుకున్నం. యూనికోడ్ తెలుగుకు 1991లనే సొంతిల్లు ఇచ్చింది. మన పేజ్‌మేకరోళ్లకు ఆ కబురందలే.

అల్లుడు: ఏఐ చదివేసింది! “నేరేడుచర్ల, సూర్యాపేట జిల్లా...”

మామ: ఈ డబ్బా అటకెక్కిన్నాడు సూర్యాపేట జిల్లా ఎక్కడిదిరా? అది అయింది 2016 అక్టోబర్ 11న. నేను కొట్టింది నల్గొండ జిల్లా. సొంత కవిత్వం చెప్తున్నది. పెళ్లికూతురు ఎవరంటుంది?

అల్లుడు: ఎవరో! మా అమ్మ గాదు.

మామ: ఎట్లైతది? ఊరి పెళ్లిళ్లన్నిటికీ ఒక్కటే ఫైలు. వినాయకుడు, అరటిచెట్లు, సన్నాయి అట్లనే ఉంచి, పేర్లు, ముహూర్తం మార్చుడే.

అల్లుడు: డిలీట్ అయినయి కూడ తీస్తరు గదా!

మామ: డిలీట్ చేస్తే పట్టికల పేరు పోతది, సరుకు లోపల్నే ఉంటది. దాని మీద ఇంకోటి రాస్తే పలక తుడిచి రాసినట్టే. ఓసారి “ఆహ్వానించువారు” కింద పాత పెళ్లోళ్ల పేర్లు మార్చుడు మర్చిపోయిన. కార్డులు పంచిన్రు. పాతోళ్లు గూడ వచ్చిన్రు, మా పేర్లున్నయి గదా అని గుమ్మంల నిలబడి అందరికీ పన్నీరు చల్లిన్రు. పోయేటప్పుడు చదివింపులు కూడ చదివించిన్రు. పెళ్లికూతురు తండ్రి నాకు మిఠాయి డబ్బా పంపిండు.

అల్లుడు: మరి ఈ ఆఖరి పెళ్లొక్కటే ఎందుకు తుడవలే?

మామ: ఐదొందలు బాకీరా. పెళ్లికొడుకు రేపు రేపని ఇప్పుడు తాత అయిండు. నీ ఏఐ వసూలు చేస్తదేమో అడుగు.