టీ అంగడి బృహస్పతి

అనంతపురము నగరమున గడియార స్తంభమునకు చుట్టుపట్లనున్న టీ అంగళ్లలో ఏ యంగడి ముందర నిలిచినను, ఉదయము ఆరు గంటలకే ఒక పెద్దమనిషి మనకు దర్శనమిచ్చును. ఆయన పేరు అంగడికొక్కటి. స్వరూపము మాత్రమన్నిచోట్ల నొక్కటే. నలగని తెల్ల చొక్కా, సగము త్రాగి మరచిన టీ గ్లాసు, లోకము తన మాట వినియుండినచో ఈ జిల్లాకిట్టి దుర్గతి పట్టకపోయెడిదను విచారము. ఆయన ఉద్యోగ విరమణ చేసినవాడైనను కావచ్చును, విరమించుటకు ఉద్యోగమే లేనివాడైనను కావచ్చును. ఊరిలో ఇల్లు, నార్పల దారిలోనో గార్లదిన్నె వైపుననో కొంత చీనీ తోట, ఆ తోటలో కొన్ని బోర్లు (వానిలో నీరున్నవి తక్కువ, అప్పున్నవి ఎక్కువ), ఇవి మాత్రము తప్పక యుండును. నేనాయనను బృహస్పతియని వ్యవహరించుచున్నాను. దేవతల గురువునకు శిష్యులుండిరి. ఈయనకు శ్రోతలు మాత్రమే కలరు, వారును టీ చల్లారువరకే.

బృహస్పతి తర్కమున కారణములు మూడే: సర్కారు, మనిషి, మిషను. కష్టము తనదైనచో దానికి కారణము సర్కారు, ఎదుటివానిదైనచో మనిషి, తప్పు తనదేయని సాక్ష్యసహితముగ తేలిపోయిన అరుదైన సందర్భములందు మిషను. పొరుగువాని శెనక్కాయ చేను ఊడలు దిగు వేళ వాన ముఖము చూడక మాడిపోయినప్పుడు ఆయన గ్లాసు బల్లపై పెట్టి, "మనిషనేవానికి ముందుచూపుండల్లప్పా! అదును చూసుకోని విత్తల్ల గానీ, పక్కోడు విత్తినాడని విత్తితే వాన వీని మాట ఇంటాదా?" అని పురుష ప్రయత్న ప్రాశస్త్యమును గూర్చి ఉపన్యసించెను. ఆ మాట ముగిసి రెండవ టీ వచ్చులోపల ఎవరో ఆయన చీనీ చెట్ల ఆకు రాలుచున్న సంగతి ప్రస్తావించిరి. అంతట, "రైతుకు నీళ్లియ్యలేని సర్కారు ఒక సర్కారేనా? ఏం పాలసీ అప్పా ఇది!" అని అదే కంఠముతో, అదే ధాటితో పలికి, రెండు వాక్యములకును నడుమ వైరుధ్యమేదియు లేనట్లు రెండవ గ్లాసు నందుకొనెను.

అయినను ఆయనను అజ్ఞానియని త్రోసిపుచ్చుటకు వీలులేదు. బళ్లారి జిల్లానుండి విడదీసి 1882లో ఈ జిల్లా నేర్పరచిరనియు, ఇచ్చటి సాలుసరి వర్షపాతము సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండుననియు, నైరృతి మేఘములు పడమటి కనుమలకు తమ సర్వస్వమును సమర్పించి రిక్తహస్తములతో మన నెత్తిమీదుగా సాగిపోవుననియు, ఈశాన్యపు మేఘములు కోస్తాలోనే వ్యయమైపోయి మనదాక వచ్చునప్పటికి నీడగా మాత్రమే మిగులుననియు, వర్షాభావమున దేశమంతటిలో జైసల్మేరు తరువాతి స్థానము మనదేయని చెప్పుకొందురనియు ఆయన గుక్క తిప్పుకొనక వివరించును. ఆ రెండవ స్థానమును పేర్కొనునప్పుడు ఆయన గొంతులో రవంత గర్వము సైతము ధ్వనించునని నా అనుమానము. మేఘమథనమని ఆకాశమున విమానములు తిరిగిన నాడు ఆయన మిద్దె యెక్కి చూచెను. శ్రీశైలము వెనుకజలములను మాల్యాల వద్ద ఎత్తిపోసి హంద్రీ-నీవా కాలువవెంట జీడిపల్లికి చేర్చిన 2012లో కారు మాట్లాడుకొని పోయి చూచెను. 2016 ఖరీఫులో ఎండుచున్న శెనక్కాయను రెయిన్‌గన్నులతో తడిపినప్పుడు గట్టుమీద నిలిచి చూచెను. చూచి, గన్ను నీటిని చిమ్మునే గాని పుట్టింపజాలదనియు, చిమ్ముటకు ముందు నీరెక్కడనో ఉండి తీరవలెననియు తేల్చి చెప్పెను. ఇట్టి మాటలు చాలవరకు నిజములే యగుట మన కష్టము. అబద్ధములాడువానితో వాదించుట యెంతయో సులభము.

ఒక వేసవిలో ఆయన తోటలో బోరు వేయుచుండగా చూచు భాగ్యము నాకు లభించెను. తిరుచెంగోడునుండి వచ్చిన రిగ్గుబండి ఒక ప్రక్కన నిలిచియుండెను. మరియొక ప్రక్క భూగర్భశాస్త్రము చదివిన యువకుడొకడు నేలలో ఇనుప మేకులు దిగగొట్టి, తీగలు తగిలించి, మీటరులోని అంకెలను కాగితముపై వ్రాసికొనుచుండెను. ఇంకొక ప్రక్క పొరుగూరినుండి పిలిపింపబడిన పెద్దాయన, అరచేతిలో పీచుతీసిన కొబ్బరికాయ నడ్డముగా పెట్టుకొని, కన్నులరమోడ్చి, చెప్పులు లేని కాళ్లతో చేనంతయు కొలుచుచుండెను. విజ్ఞానము తూర్పు గట్టున చుక్క పెట్టెను. కొబ్బరికాయ పడమటి గట్టున నిటారుగా లేచి నిలిచెను. ఈ ధర్మసందేహమున బృహస్పతి కించిత్తును చలింపక, ఉభయులకును సమముగా దక్షిణ లిచ్చి, ఎవరి మాటయు కాదనక, సరిగా నడుమ బోరు వేయించెను.

మధ్యాహ్నము మూడు గంటలకు ఎనిమిదివందల అడుగులు దిగిరి. తెల్లని రాతిపిండి మేఘమువలె లేచి, రిగ్గువారిని, యువకుని, పెద్దాయనను, నన్ను ఏకవర్ణులను గావించెను. అడుగునకింతయని రేటు పెరుగుచున్నకొలది బృహస్పతికి పంతము పెరిగెను. "ఇంగో వందడుగులు పోనీ!" అనుచు ఆయన కేసింగు పైపుపై చేయి వేసి నిలిచినాడు; వెయ్యి అడుగులకు చేరినను పైకి వచ్చినది దుమ్మే. యంత్రమాగిన తరువాత కలిగిన ఆ నిశ్శబ్దమున అందరు నాయన ముఖము చూచిరి. ఆయన భుజముమీది పిండి దులుపుకొని నెమ్మదిగా అనెను: "ఎగువ చెరువులో పూడిక తీయించి నీళ్లు నింపింటే, ఈడ ఊట యెందుకుండదు? అంతా సర్కారు చేసిన పని!" నిజమునకు ఆ మాటలోను సత్యము లేకపోలేదు. కాని ఆ చెరువులోనికి నీరు వచ్చు వంక పోరంబోకులో ఎవరి చీనీ చెట్లు రెండు వరుసలు నిలిచియున్నవో ఊరందరికి తెలియును గనుక ఎవరును బదులు పలుకలేదు.

ఇక్కడ నొక ప్రశ్న అడుగవచ్చును. కొత్త బోరు వేయుటకు అనుమతి గైకొనవలెనని 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చియుండెను గదా, ఆ కాగితమేది? ఆ చట్టమన్న బృహస్పతికి అపారమైన గౌరవము. ప్రక్క తోటవాడు తన కంచె సమీపమున రిగ్గు దింపినప్పుడు, అందలి నిబంధనలను ఒక్కటొక్కటిగా అర్జీలో ఉదహరించి, తహసీల్దారు కార్యాలయమునకు తానే పరుగెత్తినాడు.

ఆయన తాతగారికి కపిల బావి యుండెడిది. బావిలో నీరు దిగిపోయినప్పుడు ఆ సంగతి మొదట ఎద్దులకును, పిదప కపిల తోలు మనిషికిని తెలిసెడిది. ఎద్దులు డస్సినచో కపిల నిలిచెడిది, రాత్రికి ఊట తిరిగి చేరెడిది. దానిని గొప్ప ధర్మబుద్ధియని నేననను. అది కేవలము అలసట. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన దినముననే వై.యస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు కాగితముపై సంతకము చేసిన తరువాత ఆ అలసటకును తావు లేకపోయెను. బిల్లుల బాకీలతో కుంగియున్న రైతునకు అది ప్రాణము పోసినమాట వాస్తవము. ఈ జిల్లాలో దానిని కాదనువాడు రైతును ఎరుగనివాడు. మోటారునకు మాత్రము ఎద్దునకువలె కాళ్లు నొప్పి పుట్టవు గదా.

ఇప్పుడు బృహస్పతి రెండవ ఫోనును గూర్చి చెప్పవలెను. మొదటిది వాదములకు, ప్రభుత్వమును విమర్శించు వీడియోలను పదిమందికి పంపుటకు. రెండవది మీటలు గల చిన్న ఫోను; దానినుండి వెళ్లు నంబరొక్కటే, అది తోటలోని మోటారుది. స్టార్టరు పెట్టెలో సిమ్ము వేసి బిగించిన ఆ సాధనముతో ఆయన ఇరువది కిలోమీటర్ల దూరమునుండి, బల్లపైనుండి లేవకయే, నీరు పారింపగలడు. ఇంటిలో అర్ధాంగి ఫోనునకు రీచార్జి గడువు దాటినను దాటును గాని మోటారు సిమ్మునకు దాటదు.

ఆయన మేనల్లుడొకడు జె.ఎన్.టి.యు.లో ఎలక్ట్రికల్ చదువుచున్నాడు. ఒకనాటి ఉదయము అంగడిలో ఉభయులకును జరిగిన సంవాదమిది.

"మామా, ఆటో స్టార్టర్లు తీసేయండని కరెంటాఫీసోల్లు అన్నేండ్ల నుంచి మొత్తుకుంటాండారు. నువ్వు యెందుకు తీయవు?"

"తీసేస్తే రాత్రి రెండు గంటలకు కరెంటొస్తే మోటరెయ్యను నువ్వు పోతావా అల్లుడా? పాములుంటాయి."

"ఇప్పుడు పగలే ఇస్తాండారు గదా?"

"పగలు పాములుండవని నీకెవురు చెప్పినారు?"

"అది కాదు మామా. కరెంటు రాంగానే ఊర్లో మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతాది."

"అది ట్రాన్స్‌ఫార్మరు చూసుకోవల్ల!"

సరిగా ఆ క్షణముననే చిన్న ఫోను మ్రోగెను. స్పీకరు నొక్కియుండుటచే అంగడిలోని వారందరును వినిరి. స్టార్టరు పెట్టెలోని స్త్రీ కంఠము నిర్వికారముగా, "నీరు లేదు. మోటారు ఆపబడినది" అనెను. (జిల్లాలో నా భాషను మాటలాడువారు నేనుగాక ఆమె యొక్కతెయే మిగిలియున్నది, అందుచే నాకామెపై ప్రత్యేకాభిమానము.) మేనల్లుడు ముసిముసి నవ్వుచు గ్లాసులోనికి చూచెను. బృహస్పతి వెంటనే మొదటి ఫోను తీసి తోట కాపరిని పిలిచి, "ఆ సెన్సారు వైరు పీకి డైరెక్టుగా పెట్టురా! దీనికి నీళ్లు కనపడలేదంట. కంపెనీవోని మోసం!" అని ఆజ్ఞాపించెను. నీటిలో మునిగి, ఆ నీటిచేతనే చల్లబడవలసిన మోటారు ఎండిన బోరులో ఎంతసేపు తిరుగునో మేనల్లుడు వివరింపబోయెను, ఆయన వినలేదు. సాయంకాలమునకు మోటారు కాలిపోయెను. పైకెత్తి ఊరిలోని వైండింగు అంగడికి తెచ్చిన పిదప, నల్లబడిన రాగితీగ చుట్టను చేతబట్టుకొని ఆయన ఇచ్చిన తీర్పు: "సరుకు నాసిరకం. మంచి సరుకు తయారు చేయించే పాలసీ ఈ దేశంలో లేదప్పా."

కొలత యన్న మాట ఆయనకు బొత్తిగా సరిపడదు. వ్యవసాయపు మోటార్లకు మీటర్లు బిగింతుమని ప్రభుత్వము 2020లో ప్రకటించి, మొదట శ్రీకాకుళము జిల్లాలో ప్రారంభించినప్పుడు, ఈ నాటి కొలత రేపటి బిల్లగునని ఆయన భయపడెను. ఆ భయము అకారణము కాదు. సర్కారు మాటలు పంచాంగపు వానలవంటివని ఈ ప్రాంతపు రైతుకు అనుభవము. కాని తన వీధిలోని లాడ్జీవారి కొళాయికి మీటరు పెట్టవలెనని నగరపాలక సంస్థకు పదే పదే వ్రాయువాడును ఆయనయే. ఇక సొంత ఇంటి సంగతి. ప్లాను మంజూరునకై వాకిట ఇంకుడు గుంత త్రవ్వించి, కంకర పోయించి, ప్రక్కన తాను నిలుచుండి ఫోటో తీయించి దఖలు పరచెను. మరుసటి వారము దానిపై కాంక్రీటు వేయించి మోటారు సైకిలు నిలుపుచున్నాడు. ఫోటోలోని గుంత మాత్రము నేటికిని చెక్కు చెదరలేదు.

దీనినిబట్టి ఆయన కపటియని మీరు తలంచినచో అన్యాయము. కపటికి తన రెండు నాల్కలును తెలియును, ఈయనకు తెలియదు. ప్రతి వాదమును ఆ క్షణమున హృదయపూర్వకముగా నమ్మును. పైగా ఈ కరవు నేలపై ఎనిమిది బోర్లెండిపోయి తొమ్మిదవదానికి అప్పు చేసినవానికి, ఎవరినో ఒకరిని తిట్టుకొను హక్కు సైతము లేదనుట నిర్దయ. ఆయన అప్పులో సర్కారు పాలు కొంత, వాన పాలు కొంత, పంతము పాలు కొంత కలదు. మొదటి రెంటి లెక్కలు ఆయన కంఠస్థము.

ప్రస్తుతమాయన ఒక అర్జీ సిద్ధము చేయుచున్నాడు. హంద్రీ-నీవా నీటితో ఊరి చెరువులన్నియు ఏటేట నింపవలెనని, వంకల ఆక్రమణలు తొలగింపవలెనని (ఈ రెండవ కోరిక ఆయన కలమునుండి ఎట్లు వెలువడెనో నాకు తెలియదు), సోమవారము కలెక్టరు కచేరీలో అర్జీలు స్వీకరించు వేళ దానిని సమర్పించునట. సంతకములకై నేడో రేపో మీ యింటికి వచ్చును. అర్జీ న్యాయమైనది, అందొక్క అబద్ధమును లేదు, తప్పక సంతకము చేయుడు. చేయునప్పుడు కలము లేదని చెప్పి, ఆయన జేబులో వెదకికొనులోపల ఆ చిన్న ఫోను నొకసారి చేతికి తీసికొని మోటారు నిలుపుడు. నంబరు వెదకు శ్రమ లేదు, అందొక్కటే యుండును.