మా ఫ్యాను చేసిన పాపమేమి?

మహారాజరాజశ్రీ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ గారి సముఖమునకు,

చేర్యాల నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు చార్జింగ్‌లో ఉన్నారు గనుక తమ క్షేమం అడగనక్కరలేదు.

తమరు మా అల్లుడి సొత్తు. "ఓ పదిహేను దినాలు పెట్టుకొని చూడుండ్రి మామా, నచ్చితే మీరూ కొనుక్కోవచ్చు" అని సంక్రాంతికి వచ్చినప్పుడు వదిలిపోయాడు. వెల ముప్పై వేలకు పది రూపాయలు తక్కువట. ఆ పది రూపాయల దయకు కృతజ్ఞుణ్ణి.

మర్యాదలో నేను లోటు చేయలేదు. కళ్లద్దాల కాడ సందులోంచి చప్పుడు దూరుతోందని అద్దాలే తీసేశాను. తమ కోసం పేపరు చదవడం మానుకున్నాను.

తమ వంశం గొప్పది, కాదనను. 1978లో ఇంజినీరు అమర్ బోస్ విమానం హోరుకు విసిగి, కూర్చున్న సీట్లోనే లెక్కలు మొదలుపెట్టాడు. 1989కల్లా తమ పెద్దలు పైలట్ల చెవులకెక్కారు. బయటి మోతను మైకుతో విని, దానికి సరిగ్గా ఎదురు తిరిగే అలను పుట్టించి, రెంటినీ కొట్టేయించడం తమ విద్య. అయితే మోత నిలకడగా, బొంగురుగా సాగితేనే ఆ లెక్క కుదురుతుందని నాకెవరూ చెప్పలేదు. కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారాలు మొదలయ్యాయి. మా వీధిన పోయే బండ్లలో డోలు దెబ్బ తమ అలతో పని లేకుండా నేరుగా నా గుండెకే తగులుతోంది. కుక్కరు విజిల్ సంగతి సరేసరి.

అసలు ద్రోహం వేరు. దోమలకని చలికాలంలోనూ తిరిగే ఫ్యానొకటి మా ఇంట్లో ఉంది. ఇరవై ఏళ్లుగా గురగురమంటోంది. నేనెన్నడూ దాన్ని పల్లెత్తు మాట అనలేదు. తమరు రాగానే మొదట దాని నోరే మూయించారు! ఇన్నాళ్లూ దాని చాటున దాగిన పక్కింటి సీరియల్ ఇప్పుడు సన్నగానైనా అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తోంది. కోడలి పాలలో అత్త ఏం కలిపిందో నాకెందుకండీ?

పాట పెడితే సీరియల్ పోతుంది, నిజమే. పాటకైతే మూడు వందల ఇయర్‌ఫోన్లు చాలవా? పైగా మొన్న పాట వింటుంటే గ్యాస్ బండి వచ్చి, పిలిచి, వెళ్లిపోయింది. మా ఇంటామె అన్న మాటలు మాత్రం తమరు అడ్డుకోలేదు.

ఈ ఊరి నకాషీ వాళ్లు గజాల కొద్దీ పటాలు గీస్తే, కథకులు వాటిని వేలాడదీసి పాడేవారు. పసిపిల్లల ఏడుపును, కుక్కల మొరుగుడును దాటుకుని వినిపించే గొంతులవి. తమకు మాత్రం అన్నీ అణిగితే తప్ప గొంతు పెగలదు. చెవులకు పుష్యమాసంలోనే చెమట పడుతోంది, వైశాఖం సంగతి దేవుడెరుగు. చెవి మెత్తలు ఊడితే మార్చుకోవచ్చట. బ్యాటరీ ముసలిదైతే విప్పి చూసేవాడు మా బజారులో లేడు.

కనుక కొనడం లేదు. ఎల్లుండి తమరిని అల్లుడికి అప్పగించడానికి సికింద్రాబాద్ బస్సెక్కుతున్నాను. డబ్బాలో పెట్టి తీసుకుపోదామనే అనుకున్నాను. కానీ ఆర్టీసీ ఇంజను మోత మూడు గంటలు... ఆ మూడు గంటలూ తమరిని నెత్తికెక్కించుకుంటాను. కళ్లద్దాలు జేబులో ఉంటాయి. ఫుల్ చార్జింగ్‌తో సిద్ధంగా ఉండగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
అల్లుడిగారి మామ