స్వెటర్ మీద పైట

ధనుర్మాసపు తెల్లవారుజామున ఏ ఊరి గుడి ముందు నిలబడి చూసినా, 60 దాటిన ఆడవాళ్లంతా ఒకే యూనిఫారంలో కనిపిస్తారు. కుచ్చిళ్లను బట్టి కట్టింది గద్వాలో, ఉప్పాడో, వెంకటగిరో పోల్చుకోవచ్చు. నడుము దాటి పైకి చూస్తే మాత్రం అందరిదీ ఒకటే: మెడ దాకా గుండీలు బిగించిన గోధుమరంగు స్వెటరు. నా వాదం చిన్నది. స్వెటరు ఉండాల్సింది పైట కింద, పైట మీద కాదు. ఇదేదో సోకుల ముచ్చటని కొట్టిపారేయకండి. ఇందులో అర్థశాస్త్రమూ ఉంది, భౌతికశాస్త్రమూ ఉంది.

5.5 మీటర్ల చీరలో నేతగాడి పనితనం చాలావరకు చేరేది కొంగులోకే. గద్వాల చీరకు ఒడలంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. ఆ నూలుకు ఈ పట్టును కలపడమే ఒక విద్య. కొట్లో ముందుగా విప్పించి చూసేదీ కొంగునే. పైగా ఆ చీరకు జాకెట్టు గుడ్డ కోసం మ్యాచింగ్ సెంటర్‌లో తానుల మీద తానులు దింపించి, ట్యూబ్‌లైటు వెలుగును నమ్మక గుమ్మం బయటికొచ్చి ఎండలో పెట్టి చూసి, "ఇది వంగపండు రంగు కాదు బాబూ, నేరేడు" అని తిప్పికొట్టిన మనిషే, చలి రాగానే ఆ కొంగునూ ఆ జాకెట్టునూ కలిపి ఉన్నిలో పాతిపెడుతుంది! చెయ్యి తుడుచుకోవడానికీ, చిల్లర ముడేసుకోవడానికీ, ఎండకు నెత్తిన కప్పుకోవడానికీ పనికొచ్చే కొంగును శీతాకాలమంతా సస్పెండు చెయ్యడం ఏం న్యాయం?

ఉన్ని వెచ్చదనమంతా దాని పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలిది. అల్లిక సందుల్లోంచి ఈదురుగాలి దూరితే ఆ వెచ్చదనం కాస్తా పోతుంది. ఒత్తుగా నేసిన పట్టు పైట పైనుంటే, కనీసం గుండెల మీదైనా అడ్డుకుంటుంది. రంగుల బెడదా తగ్గుతుంది. లోపలున్న స్వెటరులో ప్రధానంగా కనిపించేవి చేతులే కనుక, అవి జాకెట్టు చేతుల కిందే లెక్క. అంచుల్లో తరచూ వచ్చే మెరూనో, ముదురాకుపచ్చో ఒక్కటుంటే బీరువాలో చాలా చీరలకు సరిపెట్టుకోవచ్చు. (మంకీ క్యాపు మ్యాచింగ్ సంగతి నేనెత్తను. అది శ్రీవారి శాఖ.)

లావుగా కనబడతామంటారు. పైన వేసుకుంటే సన్నబడ్డవాళ్లెవరు? ఎండెక్కాక విప్పడమెలా అన్నది మాత్రం గట్టి ప్రశ్నే. గుడి మంటపంలో పిన్నులు తీసి పైట సర్దుకోమని ఎవరికీ చెప్పలేం. అందుకే లోపల పలచటి స్వెటరు, చలి మరీ ఎక్కువైతే పైన శాలువా. తిరుమల క్యూలో ఒక్క చేత్తో శాలువా తీసి సంచిలో పడేయొచ్చు, స్వెటరుతో అలా కుదరదు. చికాగో మంచులో నా సిద్ధాంతం చెల్లదు, ఒప్పుకుంటాను. అక్కడ కోడలిచ్చిన చలికోటు నోరెత్తకుండా అన్నిటి మీదా వేసుకోవాల్సిందే.

"ఈ వయసులో మమ్మల్నెవరు చూడొచ్చారమ్మా?" అన్నది చివరి అభ్యంతరం. అన్నవాళ్లే, ఎవరి పెళ్లిలో ఎవరు ఏ అంచు చీర కట్టారో ఇరవై ఏళ్ల తర్వాత కూడా తడుముకోకుండా చెబుతారు. కనుక ఈ అభ్యంతరం చెల్లదు.

అమ్మకు స్వెటరు కొనే కొడుకులకూ కూతుళ్లకూ ఒక మనవి. పలచటిది, ముందు గుండీలున్నది, ఆమె కొలతది కొనండి. రంగు మాత్రం ఆమెనే అడగండి.