స్వతంత్ర సామాజిక తనిఖీ మహాధికారి వారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ స్వతంత్ర నైతిక సామాజిక తనిఖీ మహాధికారి వారి దివ్యసముఖమునకు, తమ పరిపాలనకు లోబడిన కర్మాగారములు గల యొక పట్టణమున నివసించుటకంటె వేరొక యర్హత లేని సామాన్య పౌరుడు అనేక నమస్కారములు చేసి వ్రాసికొను విన్నపము.

అయ్యా,

తమ కొలువు ఏ నగరమున నున్నదో, తమ రాజముద్రిక ఏ హస్తమున నున్నదో నిర్ణయించుట నావంటివానికి సాధ్యము కాలేదు. ఏలయన, విదేశపు దుకాణదారు నడిగినచో ధ్రువీకరణ సంస్థను చూపుచున్నాడు, ధ్రువీకరణ సంస్థవారి నడిగినచో ప్రమాణములు వ్రాసినవారిని చూపుచున్నారు, ప్రమాణములు వ్రాసినవారి నడిగినచో వానిని పాటింపవలసిన బాధ్యత కర్మాగారపు యజమానిదే యని సెలవిచ్చుచున్నారు. ఇందరియందును వ్యాపించి, ఏ యొక్కరియందును చిక్కక యుండు పరబ్రహ్మస్వరూపము తమదని గ్రహించి, విడివిడిగా జాబులు వ్రాయు శ్రమ మాని, అందరికిని కలిపి ఈ యొక్క లేఖను బహిరంగముగా వ్రాయుచున్నాను.

తమ యవతారమునకు హేతువు సద్ధేతువే యని ముందుగా ఒప్పుకొనెదను. అమెరికా, ఐరోపా దుకాణములలో తళతళలాడు దుస్తులను, పాదరక్షలను ఎక్కడో ఆసియా ఖండపు ఇరుకు గదులలో స్త్రీలును బాలురును చాలీచాలని కూలికి కుట్టుచున్నారను వార్త పత్రికలకెక్కి, కొనువారికి సిగ్గును అమ్మువారికి భయమును కలిగించిన కాలమున, 1991లో లీవై స్ట్రాస్ కంపెనీ తనకు సరకు కుట్టియిచ్చువారు పాటింపవలసిన నియమావళిని ప్రకటించినది. 1997లో బాలకార్మికత, బలవంతపు చాకిరి, పనిగంటలు, వేతనము, సంఘస్వాతంత్ర్యము మొదలగు విషయములపై ఎస్‌ఏ 8000 అను ప్రమాణము వెలువడినది. అటుపిమ్మట పెద్ద వ్యాపారి పెద్ద వ్యాపారికి ఒక నియమావళి, నియమావళి నియమావళికి ఒక తనిఖీ, తనిఖీ తనిఖీకి ఒక ధ్రువపత్రము ఏర్పడి, నేడు ఒక్క కర్మాగారమే సంవత్సరమున పలుమారులు పలువురు కొనుగోలుదారుల తరఫున పరీక్షకు నిలువవలసి వచ్చుచున్నది. ప్రభుత్వపు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు తొంగిచూడని చోటికి తాము విచ్చేయుచున్నారు. ఏండ్ల తరబడి తెరచుకొనని అత్యవసర ద్వారములు కొన్ని తాము వచ్చిన దినమందైనను తెరచుకొనుచున్నవి. ఇందులకు కృతజ్ఞత చెప్పకుండుట అన్యాయము.

తాము విచ్చేయు దినము నిశ్చయమైన తోడనే, మా పట్టణపు శివారున నున్న యొక ఉడుపుల కర్మాగారమున జరుగు సంరంభము పెండ్లిచూపులనాడు ఆడపెండ్లివారింట జరుగు సంరంభమునకు ఏమాత్రము తీసిపోదు. మెట్ల క్రింద పేర్చిన అట్టపెట్టెలు లారీ యెక్కును. మంటలార్పు సిలిండర్లకు కొత్త తేదీల చీటీలు అంటుకొనును. మిషను మిషనుకును నీడిల్ గార్డు వచ్చి చేరును. ఎన్నడును దొరకని ఫస్ట్ ఎయిడ్ పెట్టె తాళపుచెవి దొరకును. మరుగుదొడ్లలో సబ్బు ప్రత్యక్షమగును. కర్మాగారమున పసిపిల్లల గది యుండవలెనని చట్టము విధించినది గావున, ఏడాది పొడవునను జిప్పులు, గుండీలు నిలువచేయు గది ఆ దినమునకు శిశుశాలయై, గోడలకు కుందేళ్ల బొమ్మలు, నేలకొక చాప, చాపమీద ప్లాస్టిక్ కవరైనను విప్పని ఆటవస్తువులు సమకూరును, కొరత శిశువులదొక్కటియే. పసిపిల్లల గది కలదా యని తమ పట్టిక అడుగును గాని, అందు పసిపిల్లలు కలరా యని అడుగునట్లు తోచదు.

మా యింటి వెనుక వాటాలో నలుగురు కుట్టుపని పిల్లలు అద్దెకున్నారు. రాత్రి తొమ్మిదింటికి గాని వారు ఇల్లు చేరరు. హాజరుపట్టీలో మాత్రము సాయంకాలము ఆరింటికే గేటు దాటియుందురు. తమ రాకకు ముందటి రాత్రి వారు వసారాలో కూర్చుండి, ఒకరు ప్రశ్నలు వేయ తక్కినవారు జవాబులు వల్లెవేయుచుండగా, ఇదేమి చదువని విచారించితిని. ‘రేపు ఆడిట్ తాతగారూ’ అని పెద్దపిల్ల చెప్పినది. ‘వారానికి ఎన్ని గంటలు అంటే నలభై ఎనిమిది అనాలి. ఓటీకి డబుల్ ఇస్తారనాలి. ఆదివారం రమ్మంటారా అంటే, ఎప్పుడూ రమ్మనరు అనాలి.’ సూపర్‌వైజరు తిట్టునా యని అడిగినచో ఏమందువంటిని. ‘ప్రేమగా మాట్లాడతారు అని చెప్పమన్నారు ముందు. అలా అంటే ఇంకో అనుమానం వస్తుందని మధ్యాహ్నం మార్చారు. మర్యాదగా మాట్లాడతారు అనాలి ఇప్పుడు’ అని ఆ పిల్ల చెప్పగా నలుగురును పకపక నవ్విరి, నేనును నవ్వితిని. అంతవరకు నోరు విప్పని చిన్నపిల్ల పిదప అడిగినది: ‘ఇంతకీ మేం చెప్పింది వాళ్లేం రాసుకున్నారో మాకెప్పుడైనా చూపిస్తారా తాతగారూ?’ నావద్ద జవాబు లేదు. ఆ ప్రశ్నను తమ సముఖమునకు చేరవేయుటయే ఈ లేఖ వ్రాయుటకు కారణము.

తమ పక్షమున వచ్చు వ్యక్తియందు నాకు కినుక లేదు. రాత్రి బస్సులో వచ్చి, వేయిమంది పనిచేయు చోట రెండు మూడు దినములలో జీతపు పట్టీలును, వయోనిర్ధారణ పత్రములును, పీఎఫ్, ఈఎస్‌ఐ రసీదులును, వంటశాలయు, రసాయనముల గదియు పరీక్షించి, యాజమాన్యమువారు చూపిన గదిలో కూర్చుండి పదులమందితో మాటలాడి, రాత్రి హోటలులో రిపోర్టు పూరించు ఆ యువకుడు కష్టజీవియే. ఆ గదిలోనికి ఎవరెవరు పిలువబడిరో యాజమాన్యమున కెరుకయే గావున, లోపల చెప్పిన మాటకు వెలుపల జవాబు చెప్పుకొనవలసివచ్చునను భయము ప్రతి కార్మికురాలికిని కలదు. ఈ తనిఖీకి రుసుము చెల్లించువాడు సాధారణముగా ఆ కర్మాగారపు యజమానియే. కఠినముగా పరీక్షించిన సంస్థను కాదని మరుసటి యేడు మెత్తనివారిని పిలుచుకొను వెసులుబాటును పలుచోట్ల ఆయనదే. వ్రాసిన రిపోర్టు యజమానికి పోవును, కొనుగోలుదారునకు పోవును. ఎవరి బ్రతుకునుగూర్చి అది వ్రాయబడినదో వారికి మాత్రము పోదు. రుసుమిచ్చు చేతికి లోబడియు, సాక్ష్యమిచ్చిన నోటికి దూరమైయు నుండు విచారణ స్వతంత్రమెట్లగునో తామే సెలవియ్యవలెను.

ఇది కాగితముల తగవు మాత్రమే యైనచో తమకు శ్రమ యిచ్చియుండను. కరాచీ నగరమున బల్దియా ప్రాంతమునందలి అలీ ఎంటర్‌ప్రైజెస్ అను ఉడుపుల కర్మాగారమునకు 2012 ఆగస్టులో, ఒక ఇటలీ సంస్థ ద్వారా, ఎస్‌ఏ 8000 ధ్రువపత్రము లభించినది. కొన్ని వారములకే, సెప్టెంబరు 11వ తేదీన, అందు అగ్ని చెలరేగి 250 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ నిప్పు ప్రమాదము కాదనియు, డబ్బు గుంజుటకై దుండగులు పెట్టినదనియు అక్కడి న్యాయస్థానము 2020లో తీర్పు చెప్పినది. కాని కిటికీలకు ఇనుప చువ్వలు బిగించినది ఆ దుండగులు కారు, బయటకు పోవు దారులు మూసినదియు వారు కారు. ఆ చువ్వలును ఆ తాళములును ధ్రువపత్రము నాటికే యుండియుండవలెను. పరీక్షకుల కన్నులకు మాత్రము అగపడలేదు. మృతుల బంధువులు కొందరు, బ్రతికి బయటపడిన యొకరు కలిసి ప్రధాన కొనుగోలుదారైన జర్మనీ కంపెనీ కిక్‌పై డార్ట్‌మండ్ న్యాయస్థానమునకెక్కగా, దావా వేయుటకు గడువు దాటినదను కారణముచే 2019లో అది కొట్టివేయబడినది.

ఢాకా చేరువ సవార్‌లోని రానా ప్లాజా సంగతి తమకు తెలియనిది కాదు. 2013 ఏప్రిల్ 23వ తేదీన ఆ యెనిమిది అంతస్తుల కట్టడమున పగుళ్లు కనబడగా, క్రింది అంతస్తులలోని బ్యాంకు ఉద్యోగులును అంగళ్లవారును మరునాడు రాలేదు. పై అంతస్తులలోని కుట్టుపనివారిని మాత్రము రప్పించి మిషన్ల యొద్ద కూర్చుండబెట్టిరి. ఉదయమే కట్టడము కూలి 1,134 మంది మరణించిరి. అందలి కర్మాగారములలో రెండింటికి అంతకుముందే సామాజిక తనిఖీలు జరిగియుండెను. కట్టడపు దృఢత్వము తమ పరీక్షా పరిధిలోనిది కాదని పిమ్మట చెప్పబడిన సమాధానము శాస్త్రరీత్యా నిజమే; సామాజిక తనిఖీదారు ఇంజనీరు కాడు. కాని గోడ చీలినదని ఆ రోజు ప్రతి కార్మికురాలికిని తెలియును. తెలిసియు లోనికి పోనని చెప్పు ధైర్యము ఎవరికిని లేకపోయెను. ఆ లేమిని కొలుచుటకు ఇంజనీరు అక్కరలేదు. అది ముమ్మాటికిని తమ పరిధిలోనిదే.

ఆ వినాశమునుండియే వేరొక మార్గము పుట్టినదని తమకు జ్ఞాపకము చేయుదును. 2013 మే నెలలో ప్రపంచ కార్మిక సంఘములును విదేశపు వ్యాపార సంస్థలును కలిసి బంగ్లాదేశమునకై చేసికొన్న ‘అకార్డ్’ అను ఒప్పందమున రెండువందలకు పైగా కంపెనీలు చేరినవి. అది ఆశయప్రకటన కాదు, న్యాయబద్ధమైన కరారు; మాట తప్పిన వ్యాపారిని మధ్యవర్తుల యెదుటికి ఈడ్చుటకు సంఘములకు హక్కు కలిగినది. పదునారువందలకు పైగా కర్మాగారములలో ఇంజనీర్లు పరీక్షలు చేసి, ఏ గోడ బలహీనమో, ఏ ద్వారమునకు తాళమున్నదో ఎల్లరు చదువునట్లు ప్రకటించిరి. అపాయకరమైన చోట పని నిరాకరించు హక్కు కార్మికులకు దక్కినది. రిపోర్టులు బయటపెట్టినందున బంగ్లాదేశపు ఉడుపుల వ్యాపారము మూతపడలేదు.

అంత దూరము పోనక్కరలేదు. సామాజిక తనిఖీ యను కార్యము తెలుగు పల్లెలకు కొత్తది కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టములోని 17వ సెక్షను పనుల తనిఖీని గ్రామసభకు అప్పగింపగా, 2006 మొదలు ఆంధ్రప్రదేశమున ఆ పని క్రమముగా సాగి, 2009లో అందులకై ప్రత్యేక సంస్థయే యేర్పడినది. కూలీల కుటుంబములనుండియే వచ్చిన యువతీయువకులు శిక్షణ పొంది, మస్టరు రోళ్ల నకళ్లు చేతబట్టి ఇల్లిల్లు తిరిగి, ‘ఈ వారం ఆరు రోజులు చెరువు పనికి పోయినట్టు రాసుంది, పోయినావా?’ అని అడుగుదురు. ఆ మీదట ఆ లెక్కలను గ్రామసభలోను, మండల కేంద్రపు ప్రజావేదికయందును, అధికారులును కూలీలును వినుచుండగా గట్టిగా చదువుదురు. పేరు పలికినంతనే ఆ పేరుగలామె లేచి, ‘ఆ వారం నేను మా కూతురు ఊళ్లో ఉన్నాను’ అన్నచో, ఆ హాజరు వేసినవాడు అక్కడనే నిలిచి సంజాయిషీ చెప్పుకొనవలెను. తేలిన సొమ్మంతయు తిరిగి రాలేదు. ఆ పద్ధతి లోపరహితమని నేను వాదింపను. అయినను అక్షరము రాని కూలికి సైతము తన పేర ఏమి వ్రాయబడినదో తన చెవులతో విని, కాదని పదిమందిలో చెప్పు హక్కు లభించినది. చెరువు పూడిక తీసిన కూలికి దక్కిన ఆ హక్కు, ఖండాంతరములకు పోవు దుస్తులు కుట్టు కార్మికురాలికి దక్కకుండుటకు కారణమేమి?

రిపోర్టు బహిరంగపరచినచో వ్యాపార రహస్యములు బయటపడునని తాము సెలవియ్యవచ్చును. మరుగుదొడ్ల సంఖ్యయు, ఓవర్‌టైము కూలియు రహస్యములైనచో, ఆ రహస్యములను ఛేదించుటకే గదా తాము నియమింపబడితిరి! యజమాని తన బాధలు తాను చెప్పుకొనుటకును అట్టి సభయే తగిన చోటు. ధర తగ్గింపుమనియు, గడువు ముందుకు జరుపుమనియు, చివరి వారమున రంగు మార్పుమనియు ఉత్తరువులు పంపునది కొనుగోలు విభాగము; అధికసమయము పని చేయింపరాదని హితవు చెప్పునది అదే కంపెనీలోని నైతిక విభాగము. మొదటి ఆజ్ఞ మీరి సరకు ఆలస్యమైనచో విమానపు రవాణా ఖర్చు యజమాని నెత్తిన పడును; రెండవ ఆజ్ఞ మీరినచో దిద్దుబాటు ప్రణాళిక యను కాగితము మీద సంతకము పెట్టిన సరిపోవును. ఈ రెండింటిలో దేనిని మీరుట సులభమో తెలిసికొనుటకు వాణిజ్యశాస్త్రము చదువనక్కరలేదు. కావున హాజరుపట్టీతోపాటు ఆ యార్డరు కాగితమును కూడ తెరచి, ఇచ్చిన ధరయు గడువును రెట్టింపు కూలి చెల్లించుటకు సరిపోవునో లేదో తమ రిపోర్టులో వ్రాయవలెను. కుట్టించుకొనువానిని పరీక్షింపక కుట్టినవానినే పరీక్షించుట సగము తనిఖీ.

కావున నా విన్నపము సంగ్రహముగా నిది. తమ రుసుము యజమాని చేతినుండి గాక, కొనుగోలుదారులందరును కలిసి యేర్పరచు నిధినుండి స్వీకరింపుడు. కార్మికులతో కర్మాగారపు గదిలో గాక, వారు కాపురముండు వీధులలో మాటలాడుడు. అన్నింటికంటె ముఖ్యముగా, వ్రాసిన రిపోర్టును తెలుగువారికి తెలుగులోను, ఒడియావారికి ఒడియాలోను, హిందీవారికి హిందీలోను, ఆ లైన్లలో పనిచేయు వారందరును వినునట్లు బహిరంగసభలో చదివింపుడు. ఎవరైనను లేచి కాదన్నచో ఆ మాటను కూడ అందులోనే చేర్చి, ఆ తరువాత ధ్రువపత్రము మీద సంతకము చేయుడు. తనిఖీకి మాత్రము ఎవరికిని చెప్పక రండు. సభ జరుగు తేదీని నెల దినముల ముందుగా గేటు మీద అంటింపుడు. ఈ వ్యవహారమంతటిలో ముందుగా ప్రకటింపదగిన తేదీ అదొక్కటియే.

చిత్తగింపవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పౌరుడు