అబీమెలెకు కిటికీ

ఆదికాండం 26వ అధ్యాయంలో ఇస్సాకు ఒక అబద్ధమాడాడు. పెళ్లాం అందం చూసి గెరారువాళ్లు తనను చంపేస్తారన్న భయంతో, రిబ్కా నా చెల్లెలన్నాడు. కొన్నాళ్లకు రాజు అబీమెలెకు కిటికీలోంచి చూస్తే ఆయనగారు రిబ్కాతో సరసమాడుతున్నాడు. గుట్టు రట్టయింది.

అదే ఇస్సాకు మా భద్రాచలం రోడ్డు మీద ఏ సారపాకలోనో కాపురం పెట్టి ఉంటే నూరేళ్లయినా దొరికేవాడు కాదు. మా సంఘంలో ఏ కిటికీలోంచి చూసినా మొగుడూ పెళ్లాలు అన్నాచెల్లెళ్లలాగే ఉంటారు. పైగా పాస్టరు అయ్యగారే మైకులో అమ్మగారిని "సహోదరి" అని పరిచయం చేస్తారు. ఇస్సాకు ప్రాణభయంతో అన్న మాట మాకు ఆదివారపు మర్యాద.

చర్చి ముందు బండి దిగాక మొగుడు బైబిలు చంకన పెట్టుకొని ముందు నడుస్తాడు. ఆవిడ చంటిదాన్నీ, కానుక కవరునీ, నీళ్ల సీసానీ మోసుకుంటూ పది బారల వెనక. లోపల మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు. సాక్ష్యాల వేళ గేదె ఈనిందనీ, లోను వచ్చిందనీ, కొడుక్కి సింగరేణిలో ఉద్యోగమొచ్చిందనీ లేచి చెబుతాం. "మా ఆవిడంటే నాకు ప్రాణం, ప్రభువుకు స్తోత్రం" అన్నవాణ్ని నేనింతవరకు చూడలేదు. అంటే గనక పెద్దలు తలమీద చేతులుంచి దురాత్మను గద్దిస్తారేమో!

వాక్యం దగ్గరా అదే తంతు. ఎఫెసీ పత్రిక 5:22, భార్యలు లోబడాలన్నది, మా మగవాళ్లకు నిద్రలో కూడా నోటికొస్తుంది. మూడు వచనాలు దిగితే, క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భర్త భార్యను ప్రేమించాలని ఉంది. సరిగ్గా అక్కడే కరెంటు పోతుంది. ఇక పరమగీతం 8 అధ్యాయాలూ ప్రేమే. అది క్రీస్తుకూ సంఘానికీ సాదృశ్యమని చెప్పి దాటేస్తాం. సాదృశ్యమే కానివ్వండి, పోల్చడానికైనా ఇంట్లో కాస్త సరుకుండాలి కదా! నా బైబిల్లో ఆ పుటల బంగారు అంచు ఇంకా అంటుకునే ఉంది.

"ప్రేమ మనసులో ఉండాలండీ, బజారున పెడతామా?" అంటారు పెద్దలు. మరి కోపమో? అది కిన్నెరసాని వరదలా వీధిలోకే వస్తుందే! పప్పులో ఉప్పెక్కువైతే నాలుగిళ్లకు వినపడుతుంది. బాగుందన్న మాట వండినావిడకు కూడా వినపడదు.

సంస్కృతిని అడ్డం పెట్టుకుందామా? గోదావరి ఒడ్డునే భద్రాద్రి రాముడు సీతమ్మను ఎడమ తొడమీద కూర్చోబెట్టుకొని అందరికీ దర్శనమిస్తున్నాడు. పోనీ మా పెద్దల పేరు చెప్పుకుందామా? 1912లో డోర్నకల్ తొలి బిషప్ అయిన అజరయ్యగారి భార్య పేరు అన్బు. తమిళంలో ప్రేమ అని అర్థం. ఆయన పేరుపెట్టి పిలిస్తే చాలు, నోరారా ప్రేమా అన్నట్టే. మా ఇళ్లలో పిలుపు "ఇదిగో".

పెళ్లి మాత్రం పట్టపగలే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు, సాక్షుల ఎదుట కానిమ్మంది. ఇప్పుడు దానికి ముందు కిన్నెరసాని దగ్గర డ్రోను ఎగరేసి, చేతులు పట్టుకొని పరుగెత్తే షూటింగొకటి. ఏడాది తిరిగేసరికి అదే జంట ఆర్టీసీ బస్సులో ముందొకరు, వెనకొకరు. మా కాలంలో డ్రోన్లు లేవు. "దగ్గరికి జరగన్నా" అని ఫోటోగ్రాఫర్ బతిమాలితే, మామగారు చూస్తున్నారని నేను రెండంగుళాలు దూరం జరిగాను.

పోయిన ఎండాకాలం మా వీధిలో ఒక పెద్దావిడ ప్రభువునందు నిద్రించింది. భర్త పెట్టె మీదికి ఒంగి ఆవిడ నుదుటిని ముద్దుపెట్టుకున్నాడు. పేరుపెట్టి పిలిచాడు. ఆవిడ పేరు అదని మాలో చాలామందికి ఆ రోజే తెలిసింది. ఎవరూ తల తిప్పుకోలేదు, ఎవరూ దగ్గలేదు. ఫోటోగ్రాఫర్ మాత్రం, "ఇంకొంచెం దగ్గరికి జరుగు తాతా" అన్నాడు.